రివర్‌సైడ్ చర్చిలో కింగ్ విప్పిన లెక్క

అమెరికాలో ఉన్న మనవాళ్ళకి జనవరి మూడో సోమవారం అంటే లాంగ్ వీకెండ్. పిల్లలు స్కూల్లో మార్టిన్ లూథర్ కింగ్ బొమ్మకి రంగులేసి తెచ్చి ఫ్రిడ్జ్‌కి అంటిస్తారు, కింద "నాకో కల ఉంది" అని రాసుంటుంది, అక్కడితో ఆయన చాప్టర్ అయిపోతుంది. ఎక్కడైనా యుద్ధం మొదలైందంటే మాత్రం ఇంకో ఆడియో ఫోన్లలో తిరుగుతుంది. అదీ కింగ్ గొంతే, కానీ పాటలా సాగదు, కాగితం చూసి ఒక్కో మాటా తూచి చదువుతున్నట్టు ఉంటుంది, మధ్యలో తన సొంత ప్రభుత్వాన్ని పట్టుకుని "ఈరోజు ప్రపంచంలో అందరికంటే ఎక్కువ హింసని పంచుతున్నది ఇదే" అనేస్తాడు. డల్లాస్ దగ్గరుండే మా అక్క కొడుకు అది నాకు పంపి "మామయ్యా, ఇది నిజంగా ఈయనేనా, లేక ఏఐతో చేశారా?" అని అడిగాడు. ఆయనే. కాకపోతే ఎందుకన్నాడు, దానికి ఏం మూల్యం కట్టాడు, అరవై ఏళ్ళు కావస్తున్నా అది ఇంకా ఎందుకు గుచ్చుకుంటోంది అనేది వాట్సాప్‌లో రెండు లైన్లలో చెప్పే విషయం కాదు, అందుకే ఇది.

ముందు బేసిక్స్: ఎప్పుడు, ఎక్కడ, ఎవరి ముందు

1967 ఏప్రిల్ 4, మంగళవారం రాత్రి. న్యూయార్క్ మన్‌హటన్‌లో కొలంబియా యూనివర్సిటీ దగ్గర ఉన్న రివర్‌సైడ్ చర్చి. వియత్నాం యుద్ధం మీద ఆందోళన పడుతున్న మతపెద్దలు, మామూలు విశ్వాసులు కలిసి పెట్టుకున్న ఒక సంఘం ఏర్పాటు చేసిన సభ, దాదాపు 3,000 మంది వచ్చారు. కింగ్ వయసు అప్పటికి 38. నోబెల్ శాంతి బహుమతి వచ్చి మూడేళ్ళు కాలేదు.

1963 వాషింగ్టన్ ప్రసంగం 17 నిమిషాల్లో అయిపోతుంది, అందులో మనందరికీ తెలిసిన "కల" ముక్క కాగితం పక్కన పెట్టి అప్పటికప్పుడు అన్నది. ఇది దాదాపు గంట, ముందే రాసుకున్నది. రాతప్రతి ఎక్కువ భాగం రాసింది ఆయన స్నేహితుడు, చరిత్రకారుడు విన్సెంట్ హార్డింగ్. జనాన్ని ఊపేసే బాప్టిస్ట్ పాస్టర్ ఆ రాత్రి లాయర్‌లా పాయింట్ తర్వాత పాయింట్ చదువుకుంటూ పోయాడు.

ఇందులో ఒక పదం మాత్రం అర్థమైతేనే మిగతాది అర్థమవుతుంది: డ్రాఫ్ట్. అంటే వయసొచ్చిన మగపిల్లల్ని ప్రభుత్వం పేరు పిలిచి సైన్యంలోకి తీసుకోవడం. ఇష్టముందా లేదా అని అడగరు. కాలేజీలో చదువుతున్నవాళ్ళకి వాయిదా దొరికేది, కాబట్టి ఫీజు కట్టగలిగిన ఇంటి అబ్బాయి క్లాసులో కూర్చుంటే కట్టలేని ఇంటి అబ్బాయి ట్రైనింగ్ క్యాంపుకి పోయేవాడు.

వియత్నాం గొడవ, క్లుప్తంగా

వియత్నాం ఫ్రాన్స్ కింద ఉన్న దేశం. 1945లో హో చి మిన్ స్వాతంత్ర్యం ప్రకటించాడు, ఆ ప్రకటన మొదలైందే అమెరికా స్వాతంత్ర్య ప్రకటనలోని వాక్యంతో. ఆ వాక్యం రాసుకున్న అమెరికా మాత్రం దాన్ని గుర్తించకుండా, మళ్ళీ పెత్తనం చేయడానికొచ్చిన ఫ్రాన్స్‌కి డబ్బు పోసింది. 1954లో దియన్ బియన్ ఫూ దగ్గర ఫ్రాన్స్ చిత్తుగా ఓడింది. జెనీవా ఒప్పందంలో దేశాన్ని తాత్కాలికంగా ఉత్తరం, దక్షిణం అని రెండు చేసి 1956లో ఎన్నికలు పెట్టి కలిపేయాలన్నారు. ఆ ఎన్నికలు జరగలేదు. దక్షిణంలో అమెరికా నిలబెట్టిన ప్రభుత్వం, దాని మీద తిరుగుబాటు చేసిన జాతీయ విమోచన ఫ్రంట్, ఫ్రంట్ వెనక ఉత్తర వియత్నాం, 1965 నుంచి నేరుగా అమెరికా సైన్యం. కింగ్ మైక్ ముందుకొచ్చేనాటికి అక్కడున్న అమెరికన్ సైనికులు 4 లక్షలు దాటారు.

రెండేళ్ళు ఎందుకు ఆగాడు

"కింగ్ ధైర్యంగా మాట్లాడాడు" అని చెప్పుకుంటూ జనం వదిలేసే ముక్క ఇదే, ఆయన ఆలస్యంగా మాట్లాడాడు. 1965లోనే చర్చలు జరపండని అన్నాడు, వెంటనే నాలుగు వైపుల నుంచీ అక్షింతలు పడ్డాయి, వెనక్కి తగ్గాడు. తగ్గడానికి కారణం చిన్నది కాదు, వైట్‌హౌస్‌లో ఉన్నది లిండన్ జాన్సన్. 1964 పౌర హక్కుల చట్టం, 1965 ఓటు హక్కు చట్టం రెండూ సంతకం పెట్టింది ఆయనే. అలాంటి మనిషితో తెగతెంపులు చేసుకుంటే మిగతా పనులు ఎవరు చేసి పెడతారు?

ఇంట్లో మాత్రం భార్య కొరెట్టా ఎప్పుడో ముందుకెళ్ళిపోయింది. 1962లోనే అణ్వాయుధాలకి వ్యతిరేకంగా మహిళల బృందంతో జెనీవా వెళ్ళొచ్చింది, 1965లో యుద్ధ వ్యతిరేక సభల్లో మాట్లాడింది. ఈ విషయాలు మీ ఆవిడకి మీరే నేర్పించారా అని ఒకాయన అడిగితే, ఆవిడే నాకు నేర్పించింది అన్నాడంట కింగ్. బయట కుర్రకారు సంఘాలు కూడా ముందే ఉన్నాయి. విద్యార్థుల అహింసా సమన్వయ కమిటీ 1966 జనవరిలోనే యుద్ధాన్ని ఖండించింది, దానికి వత్తాసు పలికాడని, ఎన్నికల్లో గెలిచిన జూలియన్ బాండ్‌ని జార్జియా రాష్ట్ర అసెంబ్లీలో కూర్చోనివ్వలేదు, సుప్రీంకోర్టు చెప్పాక గానీ సీటు దక్కలేదు.

ఇంకొకరు వియత్నాం బౌద్ధ భిక్షువు థిచ్ న్హాట్ హాన్. ఆయన 1965లో కింగ్‌కి ఉత్తరం రాశాడు, 1966లో ఇద్దరూ చికాగోలో కలిశారు, 1967 జనవరిలో కింగ్ ఆయన పేరుని నోబెల్‌కి నామినేట్ చేశాడు. ఆ ఏడాది శాంతి బహుమతి ఎవరికీ ఇవ్వలేదు లెండి.

సరిగ్గా ఆ జనవరిలోనే ఒక ఎయిర్‌పోర్ట్ రెస్టారెంట్‌లో, భోజనం ముందు పెట్టుకుని కింగ్ తను కొనుక్కున్న మ్యాగజైన్లు తిరగేస్తున్నాడు. రాంపార్ట్స్ అనే పత్రికలో ఒక పేజీ దగ్గర చెయ్యి ఆగిపోయింది, ఒంటికి అతుక్కుని మండే నాపామ్ బాంబులకి కాలిపోయిన వియత్నాం పిల్లల ఫోటోలు. ప్లేట్ పక్కకి నెట్టేశాడు. ఏంటి, రుచిగా లేదా అని పక్కనున్న సహాయకుడు బెర్నార్డ్ లీ అడిగితే, ఈ యుద్ధం ఆపడానికి నా వంతు నేను చేసేదాకా నాకు ఏదీ రుచించదు అన్నాడంట. ఆ ప్లేట్ నెట్టడానికీ రివర్‌సైడ్ మైకుకీ మధ్య మూడు నెలలు కూడా లేవు.

ప్రసంగంలో ఉన్న లెక్క

పౌర హక్కుల మనిషి యుద్ధం గురించి ఎందుకు మాట్లాడుతున్నాడు అనే ప్రశ్నకి ఆయన ఏడు కారణాలు చెప్పాడు. పాస్టర్‌గా నా బాధ్యత, నోబెల్ తెచ్చిన బాధ్యత, అమెరికా ఆత్మని కాపాడాలన్న మా సంస్థ నినాదం, ఇలాంటివి కొన్ని ఏ పాస్టర్ అయినా చెప్తాడు. మొదటి మూడే అసలైనవి.

ఒకటి డబ్బు. జాన్సన్ 1964లో "పేదరికం మీద యుద్ధం" అని పెద్ద ప్రోగ్రామ్ మొదలుపెట్టాడు. కింగ్ ఏమంటాడంటే, ఆ ప్రోగ్రామ్ చూసి కొన్నాళ్ళు ఆశ పుట్టింది, తర్వాత వియత్నాం వచ్చింది, మనుషుల్నీ నైపుణ్యాన్నీ డబ్బునీ పీల్చేసే రాక్షస గొట్టంలా తయారైంది అని. మన భాషలో చెప్పాలంటే మున్సిపల్ నల్లాకి పక్కింటివాడు మోటార్ బిగించినట్టు, పైపు అదే, నీళ్ళు అవే, మన ట్యాపు దగ్గర బిందె మాత్రం నిండదు.

ఇది ఉపమానమా, నిజమేనా? లెక్క చూద్దాం. అప్పట్లో యుద్ధానికి ఏడాదికి సుమారు 20 బిలియన్ డాలర్లు, పేదరికం ప్రోగ్రామ్ నడిపే ఆఫీసుకి ఏడాదికి 2 బిలియన్లు కూడా లేవు. అంటే అక్కడ పది రూపాయలు ఖర్చయితే ఇక్కడ ఒక రూపాయి కూడా కాదు. ఇక్కడ ఒక పేచీ ఉంది, పక్కపక్కన రెండు అంకెలు పెట్టినంత మాత్రాన ఒకటి ఇంకోదాన్ని తిన్నదని రుజువు కాదు, యుద్ధం లేకపోతే ఆ 20 బిలియన్లు పేదలకి వచ్చేవని ఎవరు హామీ ఇచ్చారు? నిజమే. కాకపోతే తర్వాత ఏం జరిగిందో చూడండి. యుద్ధం ఖర్చుతో ధరలు పెరుగుతుంటే జాన్సన్ 1967లో ఆదాయపు పన్ను మీద 10 శాతం సర్‌చార్జ్ వేద్దామన్నాడు. అక్కడి పార్లమెంట్ అయిన కాంగ్రెస్‌లో పన్నుల కమిటీ చూసే విల్బర్ మిల్స్, ముందు ఖర్చు తగ్గించు, తర్వాత పన్ను మాట అన్నాడు. 1968 జూన్‌లో చట్టమైంది, సర్‌చార్జ్‌తో పాటు 6 బిలియన్ల ఖర్చు కోత. యుద్ధం జరుగుతుండగా వియత్నాం ఖర్చు మీద చెయ్యి వేయలేరు కదా, కోత భారం మిగతా వాటి మీదే పడుతుంది. గొట్టం ఎలా పనిచేస్తుందో కింగ్ ఏడాది ముందే చెప్పాడు, చట్టం వచ్చేసరికి ఆయన లేడు.

రెండు, ఎవరు చస్తున్నారు. జార్జియాలో, న్యూయార్క్ హార్లెమ్‌లో తమకి దొరకని స్వేచ్ఛని 8,000 మైళ్ళ అవతల ఇంకొకళ్ళకి ఇప్పించడానికి నల్లజాతి కుర్రాళ్ళని పంపుతున్నాం అన్నాడు. ఒకే బడిలో పక్కపక్కన కూర్చోబెట్టలేని దేశం, నల్ల తెల్ల కుర్రాళ్ళని కలిపి ఒక పేద ఊరి గుడిసెలు తగలబెట్టిస్తోంది, అది మనం టీవీలో చూస్తున్నాం అన్నాడు. ఈ వాక్యం చాలు, మిగతా ప్రసంగం లేకపోయినా.

మూడోది వీధి నుంచి వచ్చింది. నగరాల్లో అల్లర్లు జరుగుతున్న రోజులు. కోపంతో ఉన్న కుర్రాళ్ళ దగ్గరికెళ్ళి పెట్రోల్ బాంబులతో, తుపాకులతో మీ సమస్య తీరదయ్యా అని చెప్తే, మరి వియత్నాం సంగతేంటి, మన సర్కారు చేస్తున్నదేంటి అని అడిగారంట వాళ్ళు. ఆ ప్రశ్న నాకు సూటిగా తగిలింది, ముందు నా సర్కారుతో మాట్లాడకుండా ఇక వాళ్ళ హింస గురించి నోరెత్తలేను అన్నాడు. "అందరికంటే ఎక్కువ హింస" అన్న మాట వచ్చేది సరిగ్గా ఇక్కడే. క్లిప్పుల్లో ఆ ఒక్క వాక్యం కోసి పెట్టడం వల్ల తిట్టులా వినిపిస్తుంది గానీ పూర్తిగా వింటే అది ఇరుక్కుపోయిన మనిషి ఒప్పుకోలు. అహింస నేర్పే మాస్టారుకి క్లాసులో పిల్లలు చెమటలు పట్టించారన్నమాట.

అక్కడి నుంచి ప్రసంగం అవతలి ఒడ్డుకి వెళ్తుంది. వియత్నాం రైతుకి మనం ఎలా కనిపిస్తున్నాం, మన బాంబుల కింద ఉన్నవాళ్ళు మన "విముక్తి" గురించి ఏమనుకుంటారు అని వాళ్ళ వైపు కూర్చుని చెప్తాడు. తర్వాత ఐదు డిమాండ్లు: ఉత్తరం, దక్షిణం రెండు చోట్లా బాంబింగ్ ఆపాలి, మనమే ముందుగా కాల్పుల విరమణ ప్రకటించాలి, థాయిలాండ్, లావోస్‌లకి మంట పాకకుండా చూడాలి, విమోచన ఫ్రంట్‌కి జనం మద్దతు ఉందని ఒప్పుకుని చర్చల్లో కూర్చోబెట్టాలి, విదేశీ సైన్యాలు వెళ్ళిపోవడానికి తేదీ చెప్పాలి.

మర్నాటి నుంచి మొదలైన తిట్లు

సభలో లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. పేపర్లలో మాత్రం ఉతికేశారు. ఈయన తన ఉద్యమానికి, దేశానికి, తన జనానికి తన ఉపయోగాన్ని తనే తగ్గించుకున్నాడు అని వాషింగ్టన్ పోస్ట్ రాసింది. న్యూయార్క్ టైమ్స్ సంపాదకీయం హెడ్డింగే "డాక్టర్ కింగ్ తప్పు". లైఫ్ మ్యాగజైన్ అయితే ఇది రేడియో హనోయ్ స్క్రిప్ట్‌లా ఉంది అంది. హనోయ్ అంటే శత్రువు రాజధాని, అంటే దేశద్రోహి అని అనకుండా అనడం, ఈ టెక్నిక్ మనకి కొత్తేం కాదు.

సొంతవాళ్ళ మాటలు ఇంకా గట్టిగా తగిలుంటాయి. నల్లజాతి హక్కుల కోసం అందరికంటే పాత సంస్థ ఎన్ఏఏసీపీ, రెండు ఉద్యమాల్ని కలపడం పెద్ద వ్యూహాత్మక పొరపాటు అని తీర్మానం చేసింది. నోబెల్ గెలిచిన మొదటి నల్లజాతి అమెరికన్, ఐక్యరాజ్యసమితిలో పెద్ద హోదాలో ఉన్న రాల్ఫ్ బంచ్ తప్పుపట్టాడు. బేస్‌బాల్ హీరో జాకీ రాబిన్సన్ కూడా బహిరంగంగా విభేదించాడు.

ఇంకో విచిత్రం. కింగ్ పక్కనున్న స్టాన్లీ లెవిసన్ అనే సలహాదారు కమ్యూనిస్టు అని, కింగ్ చేత అన్నీ ఆయనే పలికిస్తున్నాడని ఎఫ్‌బీఐ అనుమానం, అందుకని ఆయన ఫోన్ ట్యాప్ చేసి కూర్చున్నారు. తీరా ఆ లెవిసన్‌కే ఈ ప్రసంగం నచ్చలేదు, బ్యాలెన్స్ తప్పింది అని కింగ్‌తో వాదించాడు.

విమర్శల్లో పస ఎంత

ఇప్పుడు చదివితే వాళ్ళందరూ పిరికివాళ్ళు అనిపిస్తుంది, అలా కొట్టిపారేయకూడదు. వ్యూహం గురించి వాళ్ళ వాదన బలమైనదే. అద్దె ఇళ్ళలో వివక్ష మీద చట్టం ఇంకా రాలేదు, ఓటు హక్కు కాగితం మీద నుంచి ఊళ్ళలోకి దిగాలి, ఈ టైంలో ప్రెసిడెంట్ తలుపు మూసుకుపోతే నష్టపోయేది అలబామాలో కూలి చేసుకునేవాళ్ళు, మన్‌హటన్ చర్చిలో చప్పట్లు కొట్టినవాళ్ళకి పోయేదేం లేదు అని. జాన్సన్ తలుపు నిజంగానే మూసుకుపోయింది. దీనికి కింగ్ జవాబు, ఆ తలుపు వెనక ఖజానా ఎలాగూ ఖాళీ అవుతోంది అని. ఏది కరెక్ట్ అనేది మీరు చట్టాలకి ఎక్కువ విలువిస్తారా, బడ్జెట్‌కి ఎక్కువ విలువిస్తారా అన్నదాని మీద ఉంటుంది. నాకైతే కింగ్ వైపే మొగ్గు, కానీ 1967లో అలబామాలోని సెల్మాలో ఓటు కోసం లైన్లో నిలబడి ఉంటే ఇదే మాట అనేవాణ్ణా అంటే గ్యారంటీ లేదు.

నిజాల విషయంలో కూడా ప్రసంగానికి పగుళ్ళున్నాయి. మనం పది లక్షల మందిని చంపి ఉండొచ్చు, ఎక్కువమంది పిల్లలే అన్నాడు, దానికి ఆధారం చూపించలేదు. అమెరికా కొత్త ఆయుధాలు పరీక్షించడాన్ని జర్మన్లు కాన్సంట్రేషన్ క్యాంపుల్లో చేసిన ప్రయోగాలతో పోల్చాడు, చాలామందికి మండింది అక్కడే. ఉత్తర వియత్నాంని, ఫ్రంట్‌ని ధర్మమూర్తులని నేను అనట్లేదు అని మొదట్లోనే చెప్పాడు గానీ వాళ్ళు చేసిన హత్యలకి ఇచ్చిన చోటు చాలా తక్కువ. నల్లజాతి సైనికుల మరణాల సంగతి ఇంకో రకం. యుద్ధం మొదటి ఏళ్ళలో వాళ్ళ జనాభా వాటా కంటే చాలా ఎక్కువమందే చనిపోయారు, కాబట్టి ఆ రోజుకి కింగ్ మాట కరెక్ట్. గొడవయ్యాక సైన్యం సర్దుబాట్లు చేసింది, యుద్ధం మొత్తం మీద చూస్తే మరణాల్లో వాళ్ళ వాటా 12 శాతం దగ్గరికి, అంటే జనాభా వాటాకి కొంచెం అటూ ఇటూగా వచ్చి ఆగింది. రెండు అంకెలూ నిజమే, ఎవరికి కావాల్సింది వాళ్ళు పట్టుకుని కొట్టుకుంటుంటారు.

ఇంకా లోతైన అభ్యంతరం చాలా ఏళ్ళకి ఒక నల్లజాతి ప్రెసిడెంటే చెప్పాడు. 2009 డిసెంబర్‌లో ఒబామా నోబెల్ తీసుకుంటూ, కింగ్ దారి వల్లే నేనిక్కడ నిలబడ్డాను, కానీ దేశాన్ని కాపాడతానని ప్రమాణం చేసినవాడిగా గాంధీ, కింగ్‌ల ఉదాహరణ ఒక్కటే పట్టుకుని నడవలేను, అహింసా ఉద్యమం హిట్లర్ సైన్యాల్ని ఆపగలిగేది కాదు అన్నాడు. ఉద్యమకారుడికి ఒక ధర్మం, కుర్చీలో కూర్చున్నవాడికి ఇంకోటి అని. సూటిగా అన్నాడు, బానే అన్నాడు. రివర్‌సైడ్ ప్రసంగం మాత్రం హిట్లర్ లాంటివాడు మీదకి వచ్చిన సందర్భం గురించి కాదు, స్వాతంత్ర్యం అడిగిన ఒక రైతుల దేశం మీదకి మనమే వెళ్ళిన సందర్భం గురించి. రెండిటినీ ఒకే తక్కెడలో వేయడం దగ్గరే చర్చ తప్పుదారి పడుతుంది.

పనిలో పనిగా ఒక అపోహ కూడా. సరిగ్గా ఏడాదికి, 1968 ఏప్రిల్ 4న మెంఫిస్‌లో కింగ్‌ని కాల్చేశారు, కాబట్టి ఈ ప్రసంగమే చంపించింది అని పోస్టులు తిరుగుతుంటాయి. తేదీ కలిసింది నిజం. ఆ కలయిక దేనికీ రుజువు కాదు.

ఇంకా ఎందుకు వినిపిస్తోంది

వియత్నాం గురించి మాత్రమే అయి ఉంటే ఇది 1975లో యుద్ధంతో పాటే లైబ్రరీలోకి వెళ్ళిపోయేది. ప్రసంగం సగం దాటాక కింగ్ ఒక మాటంటాడు, వియత్నాం రోగం కాదు, లోపలున్న రోగానికి లక్షణం అని. ఆ రోగానికి పేరు కూడా పెట్టాడు, జాత్యహంకారం, వస్తువుల మీద వ్యామోహం, యుద్ధపిచ్చి, ఈ మూడూ ఒకే కాన్పులో పుట్టిన రాక్షసులు, మనుషుల కంటే యంత్రాలు, లాభాలు ఎక్కువైనంతకాలం వీటిని జయించలేం అని. ఏటేటా జనం బాగు కంటే సైన్యానికి ఎక్కువ ఖర్చు పెట్టే దేశం ఆధ్యాత్మికంగా చావుకి దగ్గరవుతోంది అన్న వాక్యం ఇక్కడిదే. ఇందులో ఊరు పేరు లేదు, సంవత్సరం లేదు. ఏ దేశం వాళ్ళయినా తమ బడ్జెట్ తీసి పక్కన పెట్టుకుని చూసుకోవచ్చు. 2003లో ఇరాక్ మీద యుద్ధం అప్పుడు జనం దీన్నే మళ్ళీ బయటికి తీశారు.

బైబిల్లో మంచి సమరయుడి కథ సండే స్కూల్‌కి వెళ్ళిన ప్రతి పిల్లాడికీ తెలుసు, యెరికో దారిలో దొంగలు కొట్టి పడేసినవాణ్ణి ఒక పరాయివాడు ఎత్తుకెళ్ళి కాపాడతాడు. కింగ్ ఆ కథ దగ్గర ఆగి, కాపాడటం మొదలు మాత్రమే, అసలు ఆ దారే బాగుచేయాలి, రోజూ అక్కడ జనం దెబ్బలు తినకుండా అంటాడు. ముష్టివాడికి నాణెం విసిరితే జాలి అయిపోదు, ముష్టివాళ్ళని తయారుచేసే కట్టడమే మారాలి అని కూడా. పాత కథనే ఒక అడుగు ముందుకి తోశాడు, దాంతో అది మత బోధ నుంచి బడ్జెట్ ప్రశ్న అయిపోయింది.

జనం మనసు మారింది కూడా, మెల్లగా. 1967 మొదట్లో గ్యాలప్ సర్వేల్లో యుద్ధం తప్పు అన్నవాళ్ళు తక్కువ, 1968 ఆగస్టుకి సగం పైన అదే మాట. అమెరికా సైనికులు మొత్తం 58,000 మందికి పైగా పోయారు, అందులో చాలా ఎక్కువమంది ఆ ఏప్రిల్ రాత్రి తర్వాత పోయినవాళ్ళే. కింగ్ మీద అభిప్రాయం కూడా తిరగబడింది, 1966లో 63 శాతం మంది నచ్చడన్నారు, 2011లో 94 శాతం మంది నచ్చుతాడన్నారు. ఆ 94 శాతంలో ఎంతమంది ఈ గంట ప్రసంగం పూర్తిగా విన్నారో నాకు డౌటే, ఫ్రిడ్జ్ మీది బొమ్మ కింద ఇందులోంచి ఒక వాక్యం రాసి అంటిస్తే టీచర్ ఏమంటుందో కూడా.

1968 ఏప్రిల్ 27న న్యూయార్క్ సెంట్రల్ పార్క్‌లో యుద్ధ వ్యతిరేక సభ, కింగ్ మాట్లాడాల్సింది. ఆయన పోయి మూడు వారాలు. కొరెట్టా వచ్చింది. చనిపోయినప్పుడు ఆయన జేబుల్లో దొరికిన కాగితం ముక్కల మీద ఏదో ప్రసంగం కోసం గిలుక్కున్న నోట్సు ఉందని చెప్పి, "వియత్నాం గురించి పది ఆజ్ఞలు" అని చదివింది. సైనిక విజయం సాధ్యమని నమ్మకూడదు అనేది మొదటిది. అక్కడి నుంచి వరసగా యుద్ధం గురించే చదువుకుంటూ పోయి, పదోది మాత్రం బైబిల్లో ఉన్నట్టే ఉంది అని చదివింది. నరహత్య చేయకూడదు.